512 ఎంబీ ర్యామ్‌కి సొంత లైవ్ సీడీ

ప్రశ్న: మా బడిలో 512 ఎంబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లు మూలన పడి ఉన్నాయి. హార్డ్ డిస్కు ముట్టుకోకుండా, సీడీతోనే నడిచే తేలికపాటి లినక్స్‌ను సొంతంగా తయారు చేసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. డెబియన్ లినక్స్‌లో ఇందుకోసమే లైవ్-బిల్డ్ అనే పనిముట్టు ఉంది. కావలసిన ప్యాకేజీల పేర్లు ఒక ఫైల్లో రాసిస్తే, బూట్ అయ్యే ఐఎస్ఓ (సీడీ ఇమేజ్) ఫైలును అదే తయారు చేస్తుంది. 32 బిట్ ప్రాసెసర్లయితే డెబియన్ 12 తీసుకోవాలి. 13లో వాటికి కెర్నల్ ఇవ్వడం మానేశారు.

బరువైన గ్నోమ్ డెస్క్‌టాప్ జోలికి పోకుండా తేలికైన విండో మేనేజర్ ఐస్‌డబ్ల్యూఎం పెట్టుకుంటే మేలు. సిఫారసు ప్యాకేజీలు వాటంతటవే చేరకుండా ఆపాలి. లోహిత్ తెలుగు ఫాంటు మాత్రం మరవకూడదు; తెలుగు ఫాంటు ఏదీ లేకపోతే అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి.

అసలు కిటుకంతా మెమరీ దగ్గరే ఉంది. సీడీలోని సరుకు స్క్వాష్‌ఎఫ్ఎస్ పద్ధతిలో కుదించి ఉంటుంది. సిస్టమ్ అవసరమైన ముక్కనే చదివి విప్పుకుంటుంది. కొత్తగా రాసే ఫైళ్లు మాత్రం ర్యామ్‌లోకే వెళ్తాయి. 100 ఎంబీ వీడియో దించుకుంటే అంత ర్యామూ పోయినట్టే. అందుకే డౌన్‌లోడ్లను పెన్‌డ్రైవ్‌కి మళ్లించాలి. సీడీ మొత్తాన్ని మెమరీలోకి ఎక్కించే 'టు ర్యామ్' ఆప్షన్ వాడకూడదు. జడ్‌ర్యామ్ అనే కెర్నల్ సదుపాయం ఉంటే వాడకంలో లేని మెమరీ పేజీలను ర్యామ్‌లోనే కుదించి కొంత చోటు మిగులుస్తుంది.

సీడీ రాసే ముందు ఆ ఐఎస్ఓను క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో సరిగ్గా 512 ఎంబీ ర్యామ్ ఇచ్చి నడిపి చూడండి.