రావిశాస్త్రి రచనలు – పాఠకుని స్పందన

నవల చదివి కంటతడి పెట్టామని చెప్పేవారు చాలామంది ఉంటారు. కడుపుబ్బ నవ్వామని చెప్పేవారూ ఉంటారు. కానీ చదువుతూ చదువుతూ సిగ్గుపడ్డామని చెప్పేవారు అరుదు. మన వసతిగృహంలో ఉన్న రోజుల్లో మాకు ఆ అనుభవం ఒక నవల వల్ల కలిగింది. ఆ నవల పేరు ‘అల్పజీవి’. రాసినవారు రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆయన రచనలు చదివినప్పుడు పాఠకుని మనసులో ఏయే భావాలు కలుగుతాయి, అవి ఎందుకు కలుగుతాయి, కలిగాక మనం వాటిని ఏం చేసుకోవాలి అన్న మూడు విషయాలను ఈ వ్యాసంలో తమ్ముళ్ళకు మాకు తెలిసినంతలో వివరించే ప్రయత్నం చేస్తాము.

రచయిత పరిచయం

రావిశాస్త్రిగా ప్రసిద్ధులైన రాచకొండ విశ్వనాథశాస్త్రి 1922 జూలై 30న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేశారు. కోర్టు వరండాల్లో తిరిగే పేదవాళ్ళను, సారా కేసుల్లో ఇరుక్కున్న ఆడవాళ్ళను, పోలీసులను, దళారులను ఆయన ప్రతిరోజూ దగ్గర నుంచి చూశారు. అల్పజీవి, రాజు-మహిషి, గోవులొస్తున్నాయి జాగ్రత్త, రత్తాలు-రాంబాబు, సొమ్మలు పోనాయండి మొదలైనవి ఆయన నవలలు. ‘ఆరు సారా కథలు’ ఆయనకు గొప్ప పేరు తెచ్చిన కథల సంపుటి. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు దాని స్థాపక సభ్యులలో ఆయన ఒకరు. ఎమర్జెన్సీ కాలంలో జైలుకు వెళ్ళారు. 1993 నవంబరు 10న మరణించారు.

అల్పజీవి – నవ్వు నుంచి సిగ్గు దాకా

1950వ దశకం మొదట్లో రాసిన ఈ నవలలో సుబ్బయ్య ఒక ఆఫీసు గుమాస్తా. తాను ఎందుకూ పనికిరానివాడినని అతని గట్టి నమ్మకం. ఆఫీసులో భయం, వీధిలో భయం, సొంత ఇంట్లో భార్య దగ్గర కూడా చులకన. బావమరిది అవసరం కోసం గవరయ్య అనే కంట్రాక్టరు దగ్గర అప్పు చేయవలసి వస్తుంది. అక్కడి నుంచి గవరయ్య పేరు వింటేనే అతనికి గుండెల్లో దడ.

ఈ నవల కాపీ ఒకటి మా గదికి వచ్చినప్పుడు ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళం రేకు పెట్టెల మీద కూర్చుని విన్నాము. మొదటిరోజు బాగా నవ్వాము. సుబ్బయ్య పిరికితనాన్ని మావాడొకడు నటించి కూడా చూపించాడు. మర్నాడు స్కాలర్‌షిప్పు కాగితం మీద సంతకం కోసం ఒక ఆఫీసుకు నలుగురం కలిసి వెళ్ళాము. బల్ల ముందు గంటన్నర నిలబడ్డాము. గుమాస్తాగారు తలెత్తి చూడలేదు. మాలో ఒక్కరికైనా ‘అయ్యా’ అని పిలవడానికి నోరు రాలేదు. ఆయన భోజనానికి లేచి వెళ్ళిపోయారు. మేము తిరిగి వచ్చేశాము. ఆ రాత్రి పుస్తకం తెరిచినప్పుడు ఎవరూ నవ్వలేదు. సుబ్బయ్యలా నటించిన మిత్రుడు “ఇక చాలు, మూసేయండి” అన్నాడు.

నవల మారలేదు. రాత్రికి రాత్రి మేము నిలబడ్డ చోటు మారింది. మొదటిరోజు సుబ్బయ్యను పక్కనుంచి చూశాము, రెండోరోజు అతని లోపలి నుంచి చూశాము.

రచయిత ఈ పనికి వాడిన పద్ధతిని విమర్శకులు ‘చైతన్య స్రవంతి’ అంటారు. పాత్ర పైకి చేసే పనికన్నా, ఆ సమయంలో దాని మనసులో తెగకుండా పారే ఆలోచనలను రాయడం ఈ పద్ధతి. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ దీనికి ప్రపంచ ప్రసిద్ధుడు. తెలుగులో ఈ పద్ధతిని వాడిన తొలి నవలల్లో అల్పజీవి ఒకటి. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ కూడా ఇదే దారిలో నడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజు ఆ నవలకు వస్తువు. హాస్టల్ విద్యార్థులు అల్పజీవి తర్వాత దానిని తప్పక చదవాలి.

రససిద్ధాంతం ఏమంటుంది?

పి.జి.లో మేము చదువుకున్న అలంకారశాస్త్రం ఇక్కడ కొంత అక్కరకు వస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పాడు. తొమ్మిదవదైన శాంతం తరువాత చేరింది. ప్రతి రసానికి మనిషిలో స్థిరంగా ఉండే ఒక స్థాయిభావం ఆధారం. కరుణకు శోకం, హాస్యానికి హాసం స్థాయిభావాలు. ఇవికాక వస్తూపోతూ ఉండే భావాలు ముప్పైమూడు. వాటిని వ్యభిచారి భావాలంటారు. శంక, దైన్యం, చింత, వ్రీడ అంటే సిగ్గు, త్రాసం అంటే బెదురు, ఇవన్నీ ఆ ముప్పైమూడింటిలోనివే.

ఇప్పుడు సుబ్బయ్యను చూడండి. శాస్త్రం ప్రకారం వచ్చి పోవలసిన శంక, దైన్యం, సిగ్గు, బెదురు అతనిలో వచ్చి కాపురం పెట్టేశాయి. రాజుకో వీరుడికో ఒక ఘట్టంలో కలిగే బెదురు ఈ చిన్న గుమాస్తాకు జీవితమంతా ఉంటుంది. అందుకే అతనిని చూస్తే మనకు అచ్చమైన హాస్యమూ కలగదు, అచ్చమైన కరుణా కలగదు. రెండూ కలిసిన ఒక ఇబ్బంది కలుగుతుంది. ఈ ఇబ్బందే రావిశాస్త్రి రచనల ప్రత్యేకత అని మా అభిప్రాయం.

భట్టనాయకుడు ‘సాధారణీకరణం’ అనే మాట చెప్పాడు. కావ్యంలోని దుఃఖం ఫలానా మనిషిదిగా కాక అందరిదిగా మారినప్పుడే సహృదయుడు దానిని ఆస్వాదించగలడని దాని సారాంశం. కానీ పేద పాఠకుని విషయంలో కొంత తేడా ఉందనిపిస్తుంది. కడుపు నిండినవాడికి సుబ్బయ్య భయం ‘అందరి భయం’ అవుతుంది, అతడు దానిని ఆస్వాదిస్తాడు. మనకు అది ‘నా భయం’ అయి కూర్చుంటుంది. ఒక తమ్ముడు సగం చదివి పుస్తకం తిరిగి ఇచ్చేస్తూ “అన్నా, ఇది నా గురించి రాసినట్టుంది, నాకొద్దు” అన్నాడు. అతడు సహృదయుడు కాదని ఏ శాస్త్రమైనా అంటే మేము ఒప్పుకోము. ఆ నవలను అంత లోతుగా చదివినవారు మాలో మరొకరు లేరు.

మన మాట అచ్చులో చూసినప్పుడు

రావిశాస్త్రి రచనల్లో మరొక స్పందన భాష వల్ల కలుగుతుంది. చంపావతి అవతల నుంచి, ఇవతల నుంచి వచ్చి ఈ వసతిగృహంలో చేరిన మనలో చాలామంది కాలేజీకి వెళ్ళిన కొత్తలో నోరు విప్పడానికి భయపడ్డాము. ‘ఏటి’ అంటే నవ్వారు. ‘ఎల్లిపోనాడు’ అంటే తిరిగి అనమని మరీ నవ్వారు. దానితో చాలామంది మాటలు తగ్గించుకున్నారు. అటువంటి స్థితిలో ‘సొమ్మలు పోనాయండి’ అనే నవల పేరు గ్రంథాలయంలో అట్టమీద చూసి మేము అక్కడే ఆగిపోయాము. మన ఇళ్ళల్లో ఆవులను, ఎడ్లను, గేదెలను సొమ్మలంటాము. ఆ మాటను ఒక పెద్ద రచయిత పుస్తకానికి పేరుగా పెట్టాడు! కథలోకి వెళ్ళకముందే అట్టమీది మాట మనకు ధైర్యం ఇచ్చింది. ఇది ఏ రసం కిందకు వస్తుందో శాస్త్రంలో వెతికాము, దొరకలేదు.

మాయ – అమ్మ అడిగిన ప్రశ్న

1960ల మొదట్లో రాసిన ఆరు సారా కథలకు మద్యనిషేధం ఉన్న కాలం నేపథ్యం. వాటిలో ‘మాయ’ అనే కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ఒక కుర్ర న్యాయవాదితో తన గోడు మన ప్రాంతపు మాటల్లో చెప్పుకుంటుంది. న్యాయమనేది కూడా అమ్ముడుపోయే సరుకేనని ఆమె మాటలవల్ల తెలుస్తుంది. కాలేజీలో చదివినవారు ఆమె మాటతీరుకు మొదట నవ్వుతారు, తరువాత మౌనమవుతారు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథను మేము అమ్మకు చదివి వినిపించాము. అమ్మకు అక్షరాలు రావు. ఆమె ఎక్కడా నవ్వలేదు. చింతపండు పిక్కలు తీస్తూ చివరిదాకా విని “మరి పిలీడరు పీజెవులిచ్చినారు?” అని అడిగింది.

పి.జి. తరగతిలో ఈ కథ మీద శిల్పం, సంభాషణ, వ్యంగ్యం అని పేజీలు పేజీలు రాసుకున్నాము. ఫీజు సంగతి మాకెవరికీ తట్టలేదు. కోర్టు మెట్లు ఎక్కాలంటే ముందు ఏది కావాలో ఎరిగిన మనిషికి వెంటనే తట్టింది. ముత్యాలమ్మ మాట ఆమెకు వింతగా అనిపించలేదు కాబట్టి ఆమె మాటతీరు దగ్గర ఆగలేదు, నేరుగా విషయంలోకి వెళ్ళింది. చదువు మనకు కొన్ని కళ్ళు ఇస్తుంది, కొన్నిటిని మూస్తుంది కూడా అని ఆ రోజు అర్థమైంది.

జాలి చాలునా?

జాలి, సిగ్గు కలిగాక పాఠకుడు అక్కడే ఆగిపోతే ప్రమాదం. సుబ్బయ్యను చూసి “మన బతుకులింతే” అనుకున్నవాడు పుస్తకం మూసి మరింత చిన్నవాడైపోతాడు. రాసేవాడు తన రచన ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడుకు మేలు చేస్తుందో చూసుకోవాలని రావిశాస్త్రి భావించారు. చదివేవాడికి కూడా ఆ బాధ్యత ఉంది.

ఇక్కడ మన జిల్లాల మరొక రచన గుర్తు చేసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు ‘యజ్ఞం’ కథలో అప్పు కింద తరాలు బానిసలవుతాయన్న బాధతో సీతారాముడు తన కన్నకొడుకునే చంపుకుంటాడు. కన్నతండ్రి ఇలా చేస్తాడా అని ఎందరో పాఠకులు కోపగించుకున్నారు, విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ కోపం మెల్లగా సీతారాముడి మీద నుంచి అప్పు మీదకు, అప్పు పెట్టిన పెద్దల మీదకు, తీర్పు చెప్పిన ధర్మం మీదకు మళ్ళుతుంది. అల్పజీవిలో కూడా సుబ్బయ్య భయం వెనుక ఒక అప్పు ఉంది. అది గమనిస్తే మన సిగ్గు కూడా మెల్లగా ప్రశ్నగా మారుతుంది. మనిషి పుట్టుకతోనే పిరికివాడా, లేక ఎవరో పిరికివాణ్ణి చేశారా?

తమ్ముళ్ళకు నాలుగు మాటలు

1. నవల చదువుతూ నవ్వు వచ్చినచోట, కోపం వచ్చినచోట పెన్సిలుతో పేజీ నెంబరు రాసుకోండి. నెల తరువాత అదే పేజీ మళ్ళీ చదవండి. ఏమి మారిందో చూడండి.

2. ఏ పాత్ర మీద జాలి కలిగిందో, ఆ పాత్రకు ఎవరి వల్ల ఆ గతి పట్టిందో ఒక్క వాక్యంలో రాయండి.

3. ఇంట్లో చదువురాని పెద్దలకు కథ చదివి వినిపించండి. వారు అడిగే ప్రశ్నను మార్చకుండా రాసుకోండి.

4. వీలు చూసుకుని శ్రీకాకుళంలోని కథానిలయానికి వెళ్ళి రండి. కారా మాస్టారు 1997లో స్థాపించిన ఆ గ్రంథాలయంలో తెలుగు కథలెన్నో భద్రంగా ఉన్నాయి.

ఇంతకూ మా స్కాలర్‌షిప్పు సంతకం ఏమైందని మీరు అడగవచ్చు. నాలుగు రోజుల తరువాత మళ్ళీ వెళ్ళాము. ఈసారి మాలో ఒకడు గొంతు వణుకుతుండగానే “అయ్యా, మేము మొన్న కూడా వచ్చాము” అన్నాడు. గుమాస్తాగారు తలెత్తారు. సంతకం అయింది. అలా అన్నది, సుబ్బయ్యలా నటించి, తరువాత పుస్తకం మూసేయమన్న మిత్రుడే. నవలే అతని చేత ఆ మాట అనిపించిందని మేము చెప్పలేము. కానీ తిరిగి వస్తూ దారిలో, మిగిలిన నవల ఆ రాత్రే పూర్తి చేద్దామని అతడే అన్నాడు.