ఎలెక్ట్రిక్ గిటారునకు మెత్తని నాదము: పికప్పుల యెంపిక

సంగీత బృందములలో ఎలెక్ట్రిక్ గిటారు వాయించు విద్యార్థులును, వారికి వాద్యము గొనిపెట్టిన తల్లిదండ్రులును మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. "గిటారు కీచుగా పలుకుచున్నది. పాడువారి గొంతును మించి చెవిలో గ్రుచ్చుకొనుచున్నది. పికప్పులు మార్చినచో మెత్తబడునా? మార్చవలసిన యెడల నేవి కొనవలెను?" అని. ఇందుకు ఒక్క మాటలో జవాబు చెప్పి సరకు అమ్మువారు దుకాణములయందు పెక్కుమంది కలరు. కాని మంచి పికప్పుల జత వెల యొక్కొక్కప్పుడు చవుక గిటారు వెలలో సగమునకు మించును. అంతేగాక, కొన్ని విధములైన పికప్పులను బిగించుటకు వాద్యపు కొయ్యనే తొలువవలసి వచ్చును. పోయిన ధనమును మరల సంపాదింపవచ్చును గాని, తొలిచిన కొయ్య పూడదు. కావున నీ సంగతిని కొంత విపులముగ వ్రాయ దలచితిమి.

పికప్ అనునది తంతి నాదమును గ్రహించు పరికరము గావున దానిని 'నాదగ్రాహకము' అని తెలుగు చేయవచ్చును. కాని యా మాటతో అంగడికి పోయినచో రిక్తహస్తములతో తిరిగి రావలసినదే. అందుచే మేమును పికప్ అనియే వ్రాయుచున్నాము. ఆంగ్ల వాద్యకారులు తాము గోరు నాదమును 'వార్మ్ టోన్' అందురు. దానికిని వేడిమికిని సంబంధము లేదు. నిండుగా, మెత్తగా పలుకుటయే దాని భావము.

తంతిని మీటినప్పుడు మూలస్వరముతోపాటు, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనసంఖ్య గల ఉపస్వరములును బుట్టునని పై తరగతుల విద్యార్థులు చదివియే యుందురు. గిటారులోని లావు తంతి సెకనుకు సుమారు 82 మారులును, మిక్కిలి సన్నని తంతి సుమారు 330 మారులును కంపించును. చెవిని బాధించునవి ఈ మూలస్వరములు కావు. రెండు వేలు మొదలు అయిదు వేల వరకు కంపనసంఖ్య గల ఉపస్వరములే ఆ పని చేయును. వీనిని మితముగ తగ్గించినచో నాదము మెత్తబడును. మితిమీరి తగ్గించినచో వాద్యముపై కంబళి కప్పినట్లు మూగవోవును. ఈ రెంటి నడుమ నెచ్చట నిలువవలెనో తెలిసికొనుటయే పికప్పుల యెంపికలోని కిటుకు.

పికప్పులో నుండునవి రెండే: అయస్కాంతము, దాని చుట్టు తలవెండ్రుకవంటి సన్నని రాగితీగతో చుట్టిన చుట్ట. అయస్కాంతక్షేత్రములో ఉక్కుతంతి కదలినప్పుడు చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే మహాశయుడు కనుగొనిన సూత్రమే యిది. ఇత్తడి తంతియు, నైలాను తంతియు దీని యెదుట మూగవి. అమెరికాలో జార్జి బీచమ్ అను నతడు 1930 దశకపు తొలినాళ్లలో గిటారునకు ఈ యేర్పాటు చేసెను. దానికి 1937లో పేటెంటు లభించినది. అంతకు ముందే, 1936లో, గిబ్సన్ కంపెనీవారు తమ ఇ.ఎస్.150 అను గిటారును బజారుకు తెచ్చియుండిరి.

ఇక అసలు సంగతి. చుట్టకు ప్రేరకత్వ మనునది కలదు. గిటారునుండి యాంప్లిఫైయరునకు పోవు తీగకు మీటరునకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటీ కలదు. ఈ రెండును గలిసి ఒక నిర్ణీత కంపనసంఖ్యయొద్ద అనునాదము చెందును. ఆ చోట ధ్వని యుబ్బును. అంతకు పైనున్న ఉపస్వరములు త్వరత్వరగా క్షీణించును. స్ట్రాటోకాస్టరు జాతి పికప్పునకు ప్రేరకత్వము సుమారు 2.4 హెన్రీలు. అయిదు మీటర్ల తీగను, చుట్టయొక్క స్వంత కెపాసిటీని గలిపి 600 పికోఫారడ్లని లెక్కగట్టిన యెడల, అనునాదము 4,200 చేరువను వచ్చును. ప్రేరకత్వము 4.4 హెన్రీలు గల పికప్పును అదే తీగకు తగిలించినచో 3,100 చేరువకు దిగును. అనునాదపు శిఖరము క్రిందికి దిగుటయే మెత్తదనమునకు ముఖ్యకారణము. స్ట్రాటోకాస్టరునకే మూడు మీటర్ల తీగ తగిలించినచో శిఖరము 5,100 వరకు లేచును. పొట్టితీగ కొన్న మరునాటినుండి గిటారు కీచుమనుచున్నదని మొరపెట్టువారి సందేహము దీనితో తీరవలెను.

పికప్పుల జాతులు ముఖ్యముగ మూడు. మొదటిది ఒంటిచుట్ట పికప్. 1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టరులో నిట్టివి మూడు గలవు. దీని పలుకు స్వచ్ఛమైనది, చురుకైనది, కీచుదనమునకును దగ్గరిది. రెండవది గిబ్సన్‌వారు 1946లో తెచ్చిన పి-90. ఇదియు నొంటిచుట్టయే గాని, వెడల్పుగను పొట్టిగను సుమారు పదివేల చుట్లతో నుండును. నాదము లావైనది, కొంచెము గరుకైనది.

మూడవదానిని గూర్చి కొంచెము నిదానించి చెప్పవలెను. ఒంటిచుట్ట పికప్ తంతి కదలికనే గాక, గోడలోని కరెంటు తీగలు, దీపములు, ట్రాన్స్‌ఫార్మరులు వెలువరించు అయస్కాంత స్పందనమును గూడ గ్రహించును. మన దేశమున కరెంటు సెకనుకు 50 ఆవృత్తములు గలది, అమెరికాలో 60. ఆ ఝుంకారమే స్పీకరులో విడువక మ్రోగును. గిబ్సన్ కంపెనీలోని సెత్ లవర్ అను ఇంజనీరు 1955లో దీనికి చికిత్స కనిపెట్టెను. రెండు చుట్టలను ప్రక్కప్రక్కన నుంచి, ఒకదానికి ఉత్తరధ్రువమును, రెండవదానికి దక్షిణధ్రువమును పైకి త్రిప్పి, చుట్టలను పరస్పరము వ్యతిరేకముగ గలిపెను. వెలుపలినుండి వచ్చు ఝుంకారము రెండు చుట్టలలో ఎదురెదురుగ పుట్టి పరస్పరము రద్దగును. తంతి వలన పుట్టిన విద్యుత్తు మాత్రము, ధ్రువమును చుట్టయు రెండును తారుమారైనందున, ఒకే దిక్కునకు కూడును. ఋణమును ఋణముతో గుణించిన ధనమగునను గణితసూత్రమే యిచ్చటను పనిచేసినది. దీనినే హంబకర్ అందురు. 1957 నుండి గిటారులలో బిగించిరి. పేటెంటు 1959లో వచ్చినది. అంతవరకు 'పేటెంటునకు దరఖాస్తు చేయబడినది' అను చీటీ అడుగున అంటించుచుండిరి గాన, నాటి పికప్పులకు ఆ ఆంగ్లపదముల మొదటి అక్షరములతో 'పి.ఏ.ఎఫ్.' అను పేరు నిలిచిపోయినది. లవర్ కోరినది ఝుంకార నివారణము. రెండు చుట్టలు వరుసగ గలియుటచే ప్రేరకత్వము పెరిగి నాదము మెత్తబడుట దానితో గూడ వచ్చిన లాభము. ఇప్పుడు పెక్కుమంది రెండవ గుణమునకే దానిని గొనుచున్నారు.

అయస్కాంతపు రకమును జూచి నాదమును నిర్ణయించుట వాడుక. అల్యూమినియము, నికెలు, కోబాల్టు గలిసిన అల్నికో లోహములో 2వ రకము బలహీనమైనది గాన మెత్తననియు, 5వ రకము చురుకైనదనియు, ఫెరైటు కఠినమైనదనియు అందురు. మొదటి రెండు మాటలయందు కొంత నిజము లేకపోలేదు. ఫెరైటును మాత్రము నిష్కారణముగ నిందించుచున్నారని మా యభిప్రాయము. చవుక గిటారులలో ఉక్కుమేకుల క్రింద ఫెరైటు పలక నంటింతురు. ఆ ఉక్కు ప్రేరకత్వమును పెంచుటచే నవి యొక్కొక్కప్పుడు వెలగల అల్నికో పికప్పులకంటె మెత్తగానే పలుకును. అట్లే, పెట్టెమీద వ్రాసిన నిరోధపు ఓములను జూచి మోసపోరాదు. తీగ మరింత సన్ననిదైనచో చుట్లు పెరుగకున్నను నిరోధము పెరుగును. అడుగవలసినది ప్రేరకత్వము. వ్రాసియుండనిచో అమ్మువారిని అడిగి తెలిసికొనవలెను.

అయితే కొనుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని గలవు. వీనిని చేయక డబ్బు వ్యయపరచుటకు మేము సమ్మతింపము.

పికప్ తంతులకు మిక్కిలి చేరువగా నున్నదేమో చూడవలెను. చివరి మెట్టుపై తంతిని నొక్కి పట్టినప్పుడు లావు తంతి క్రింద 2.4 మిల్లీమీటర్లు, సన్నతంతి క్రింద 2 మిల్లీమీటర్లు ఎడముండుట ఒంటిచుట్ట పికప్పులకు సామాన్యమైన కొలత. అంతకంటె దగ్గరైనచో అయస్కాంతము తంతిని గుంజి అపశ్రుతి కలిగించును. మీటు దెబ్బయు మోటుగ వినబడును. స్క్రూ త్రిప్పుటకు ఖర్చు లేదు.

స్ట్రాటోకాస్టరు జాతి గిటారులయందు మరియొక చిక్కు కలదు. సంప్రదాయపు కూర్పులో టోన్ మీటలు రెండును మెడవైపు పికప్పునకును, నడిమిదానికిని మాత్రమే తగిలియుండును. బ్రిడ్జి ప్రక్కనున్నదానికి, అనగా అన్నిటికంటె కీచుగా పలుకుదానికి, టోన్ మీట లేనేలేదు! స్విచ్చిపై చిన్నతీగ నొకదానిని జేర్చి, రెండవ టోన్ మీటను దానికిని తగిలించినచో సగము ఫిర్యాదులు తీరిపోవును. ఒక బెత్తెడు తీగ, రెండు సోల్డరింగు చుక్కలు, ఇంతియే వ్యయము.

వాల్యూము మీట విలువయు ముఖ్యమే. హంబకరులకు 500 కిలో ఓములును, ఒంటిచుట్టలకు 250 కిలో ఓములును వాడుట మర్యాద. విలువ తగ్గిన కొలది అనునాద శిఖరము అణగును. హంబకరు గిటారు కీచుమనినచో 500 దానిని తీసి 250 దానిని బెట్టి చూడవలెను. స్వచ్ఛమైన నికెలుతో చుట్టిన తంతులును, బల్లపరుపు చుట్టు తంతులును నాదమును మెత్తపరచును. వ్రేళ్ల సంగతియు మరువరాదు. జాజ్ విద్వాంసుడు వెస్ మాంట్‌గోమరీ మీటుబిళ్ల ముట్టక, బొటనవ్రేలి కండతోనే వాయించెను. ఆయన నాదములోని మెత్తదనమున ఆ వ్రేలి పాలు చాల గలదు.

ఇన్నియు చేసినను తృప్తి కలుగనిచో అప్పుడు పికప్పులు మార్చవచ్చును. ముందుగా మార్చవలసినది ఏది యని యోచింపవలెను. మెడవైపు పికప్ సహజముగనే మెత్తగా పలుకును. మూడింటిని ఒకేసారి మార్చుట అమ్మువారికి లాభము. కీచుమను ఒక్కదానిని మార్చుట కొనువారికి లాభము. ఒంటిచుట్ట కొలతలోనే యిమిడిన సన్నని హంబకరులు దొరకును. వీనికి కొయ్యను తొలువ నక్కరలేదు. పెద్ద హంబకరుతో సమానముగ నుండవు గాని, ఝుంకారమును మాన్పును, నాదమును నిండుపరచును. విద్యార్థులకు మేము వీనినే సూచింతుము. హంబకరు గిటారు గలవారు క్రొత్తవానిని గొనునప్పుడు తంతుల ఎడమును గొలువవలెను. గిబ్సన్ మేకుల వరుస సుమారు 49 మిల్లీమీటర్లు, ఫెండరు బ్రిడ్జియొద్ద సుమారు 52. పైమూత ఇత్తడిదైనచో పై ఉపస్వరములను మ్రింగును. నికెల్ సిల్వరు మూత అంతగా మ్రింగదు.

కొయ్యను తొలిచిన వారును లేకపోలేదు. టెలికాస్టరు మెడవైపు పికప్ నాదము చాలక, కీత్ రిచర్డ్స్ తన గిటారులో ఆ చోట గిబ్సన్ హంబకరును బెట్టించుకొనెను. సెత్ లవరే 1967లో ఫెండరు కంపెనీకి మారి, వారి కొరకు వేరొక హంబకరును నిర్మించెను. 1972 నాటి టెలికాస్టర్ కస్టమ్ అను గిటారు మెడవైపున నున్నది అదియే. కాని పాఠశాల విద్యార్థికి ఉలి పట్టుటకంటె, ఆ యేర్పాటు ముందే గల గిటారును వెదకుట మేలు.

బిగించునప్పుడు పాత తీగలు ఎచ్చటెచ్చట నతుకబడినవో మొదట బొమ్మ గీసికొనవలెను. క్రొత్తదానిని పాతదానితో గలిపి మ్రోగించినప్పుడు నాదము పలుచనై, మందరస్వరములు మాయమైనచో రెండును ఎదురు దిక్కుల పనిచేయుచున్నవని అర్థము. మామూలు ఒంటిచుట్టయైనచో దాని రెండు తీగలను తారుమారు చేసిన చాలును. సోల్డరింగు ఇనుమును చుట్టకు తగులనీయరాదు. ఆ సన్నతీగ తెగినచో అతుకుట దుర్లభము. విప్పిన పాత పికప్పులను స్క్రూలతోను స్ప్రింగులతోను గూడ గట్టి అట్టపెట్టెలో భద్రపరచవలెను. గిటారును ముందెప్పుడైన అమ్మదలచినచో కొనువారు మొదట నడుగునవి అవియే.