జన్యువు చిరునామా పట్టే విధానం

అల్జీమర్స్‌తో పోయినవారి మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముక్కలు గడ్డకట్టి కనిపిస్తాయి. వాటికి మూలమైన జన్యువు ఏ క్రోమోజోమ్ మీదుందో 1987లో కొన్ని ల్యాబులు దాదాపు ఒకేసారి తేల్చాయి. మానవ జీనోమ్ పటం లేని ఆ రోజుల్లో పని ఇలా సాగేది.

1. ప్రోటీన్ చదవడం: 1984లో జార్జ్ గ్లెన్నర్, కెయిన్ వాంగ్ మెదడు పొరల రక్తనాళాల నుంచి అమిలాయిడ్‌ను వేరుచేసి, అమైనో ఆమ్లాల వరసను కొంతవరకు చదివారు.

2. ప్రోబ్ తయారీ: ఆ వరసకు సరిపడే డీఎన్ఏ పోగును కృత్రిమంగా అల్లుతారు. ఒక్కో అమైనో ఆమ్లానికి పలు సంకేతాలుంటాయి కాబట్టి, ప్రత్యామ్నాయాలు తక్కువున్న భాగాన్నే ఎంచుకోవాలి. దాంతో మెదడు కణజాలపు సీడీఎన్ఏల్లో (ఆర్ఎన్ఏ నుంచి తీసిన డీఎన్ఏ నకళ్లలో) వెతికి జన్యువు ప్రతిని పట్టుకుంటారు. దానికి రేడియోధార్మిక భాస్వరం తగిలిస్తే ప్రోబ్ సిద్ధం.

3. కణాలు కలపడం: జన్యువు ఏ క్రోమోజోమ్ మీదుందో తెలియాలంటే మనిషి క్రోమోజోములను విడదీసి చూడాలి. అందుకోసం మనిషి తెల్ల రక్తకణాలను ఎలుక కణాలతో చేర్చి పాలీఇథిలీన్ గ్లైకాల్ వేస్తే, కొన్ని జంటలు ఒకే కణంగా మారతాయి.

4. ఏరివేత: కలవని కణాలే ఎక్కువ. వాటిని వదిలించుకోడానికి హైపోక్సాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ కలిపిన 'హాట్' ద్రావణంలో పెంచుతారు. ఈ అమినోప్టెరిన్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. పిల్లల లుకేమియాకు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాడిన మందు ఇదే. డీఎన్ఏ ముడిసరుకును కణం సొంతంగా చేసుకునే దారిని ఇది మూసేస్తుంది. మిగతా రెండు పదార్థాలతో బతికే పక్కదారి ఉంది కానీ, అందుకు కావలసిన ఎంజైమ్ లేని ఎలుక కణాలనే ముందుగా ఎంచుకుంటారు. అవి చస్తాయి. తెల్ల రక్తకణాలు పళ్లేనికి అంటుకోవు, కడిగితే పోతాయి. మనిషి నుంచి ఎంజైమ్ అందుకున్న మిశ్రమ కణాలే మిగులుతాయి.

5. రాలనివ్వడం: ఇవి విభజన చెందేకొద్దీ మనిషి క్రోమోజోములు ఒక్కొక్కటే జారిపోతాయి. ఏవి మిగిలాయన్నది కణవంశానికో తీరు. రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూసి రాసుకోవాలి.

6. ఫిల్మ్ తీయడం: ఒక్కో వంశం డీఎన్ఏను ఎంజైమ్‌తో కత్తిరించి, జెల్‌లో పరిగెత్తించి, పొర మీదికి ఎక్కించి, ప్రోబ్ పోస్తారు. ప్రోబ్ అతుక్కున్నచోట ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లటి గీతలు పడతాయి. ఎలుకకూ ఇలాంటి జన్యువుంది కనుక దాని గీత అన్నింటిలోనూ ఉంటుంది. చూడాల్సింది వేరే ఎత్తులో పడే మనిషి గీతను.

7. సరిచూడడం: బడి హాజరుపట్టీలా ఒకవైపు క్రోమోజోములు, మరోవైపు గీతలు రాసి పోలుస్తారు. 21వది ఉన్నచోట గీత పడింది, లేనిచోట పడలేదు. ఎక్కడైనా పొంతన కుదరకపోతే, క్రోమోజోమ్ విరిగి ముక్క మిగిలిందేమో మళ్లీ చూడాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులుంటాయి. వారిలో నలభై ఏళ్లకే ఈ గడ్డలు ఎందుకు కనిపిస్తాయో ఈ చిరునామాతో అర్థమైంది. వంశపారంపర్య అల్జీమర్స్ ఉన్న కొన్ని కుటుంబాల్లో ఇదే జన్యువులోని ఒక్క అక్షరం మారిందని 1991లో బయటపడింది.