క్యాబిన్‌లో చలి, పొద్దున్నే తలనొప్పి

ప్రశ్న: మాది విరుదునగర్. వయసు 46. కోవిల్‌పట్టి, సాత్తూరుల్లో అగ్గిపెట్టెల లోడు ఎక్కించుకుని ఢిల్లీ, అంబాలా దాకా పోతుంటాను. చలికాలంలో గ్వాలియర్ దాటాక హీటరు తిప్పితే చల్లగాలే వస్తోంది. మధురైలో మెకానిక్‌కు చూపిస్తే "వేడిగానే వస్తోంది కదన్నా" అన్నాడు. పోయిన ట్రిప్పులో పానిపట్ దగ్గర దాబా పక్కన బండి ఆపి, చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి క్యాబిన్‌లో పెట్టుకుని, అద్దాలు ఎత్తేసి పడుకున్నాం. పొద్దున నాకూ క్లీనరుకూ తల పగిలిపోయేంత నొప్పి, కడుపులో తిప్పుడు. టీ తాగి బయట అరగంట తిరిగితే తగ్గింది. చలి తలకెక్కింది అన్నారు అందరూ. ఈసారి వెళ్లేటప్పుడు ముందే ఏ మాత్ర వేసుకుంటే మంచిది?

జవాబు: మాత్ర సంగతి పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది "నాకూ క్లీనరుకూ" అన్న మాట. ఒకే చోట పడుకున్న ఇద్దరికీ ఒకే రకం తలనొప్పి రావడం, బయటి గాలి తగలగానే అది దిగిపోవడం చలి చేసే పని కాదు. అది కుంపటి పని. మూసిన చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు కూడా రాదు. నిప్పు మీద బూడిద కప్పుకుని "ఆరిపోయిందిలే" అనిపించే వేళ కూడా వస్తూనే ఉంటుంది.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. అది ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. దీపావళి ముందు రోజు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీట్లన్నీ పట్టేసినట్టు, ఆక్సిజన్ వచ్చేసరికి చోటుండదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌కు విహారానికి వెళ్లిన కేరళవాళ్లు 8 మంది, అందులో నలుగురు పిల్లలు, మూసిన గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. తలనొప్పితో లేచారంటే మీరిద్దరూ అదృష్టవంతులే. పైగా మీ వెనక ఉన్నది అగ్గిపెట్టెల లోడు! క్యాబిన్‌లో కుంపటి అన్న ఆలోచన మీకెలా వచ్చిందో గానీ, చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి.

ఇక హీటరు. నేను మెకానిక్‌ను కాను. కానీ మా క్లినిక్ పక్కనే లారీ షెడ్డు ఉంది, ఇరవై ఏళ్లుగా టీ పంచుకుంటున్నాం. హీటరు తనంతట తాను వేడి పుట్టించదు. ఇంజను వేడిని మోసుకొచ్చే కూలెంటు, డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటరులోంచి పోతుంది, దాని మీదుగా ఫ్యాను గాలి కొడుతుంది. అంతే. మధురైలో వేడిగా, గ్వాలియర్ దాటాక చల్లగా వస్తోందంటే షెడ్డు మేస్త్రీకి మొదటి అనుమానం థర్మోస్టాట్ వాల్వు మీదే. ఇంజను తగినంత వేడెక్కేదాకా కూలెంటును పెద్ద రేడియేటరుకు పోనివ్వకుండా ఆపేది అదే. "మన ఎండకు ఇదెందుకు" అని కొన్ని షెడ్లలో దాన్ని పీకి పారేస్తారు. ఇక్కడ తేడా తెలియదు. ఉత్తరాది పొగమంచులో ఇంజనే వేడెక్కదు, ఇక హీటరుకు వేడి ఎక్కడిది? గేజి ముల్లు ఎప్పుడూ కిందనే ఉంటోందా చూడండి. ఉంటే వాల్వు లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది.

ముల్లు పైకెక్కుతూ గాలి మాత్రం చల్లగా ఉంటే కూలెంటు తగ్గిందని, లేదా గొట్టాల్లో గాలి చిక్కిందని అర్థం. అప్పుడు బండి నడపకండి. ముల్లు మధ్యలోనే నిలకడగా ఉంటే, హీటరుకు పోయే రెండు గొట్టాలనూ మేస్త్రీని ముట్టుకుని చూడమనండి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే లోపల పూడుకుపోయింది. మన కరిసల్ (నల్లరేగడి) నేలల బోరు నీళ్లు రేడియేటరులో పోస్తే ఉప్పు పేరుకోక ఏమవుతుంది? మా ఇంట్లో గీజరుకూ అదే గతి. రెండు గొట్టాలూ వేడిగా ఉంటే లోపలి గాలి తలుపో, దాని కేబులో పని చేయడం లేదు. రెండూ చల్లగా ఉంటే ఎవరో కారుతోందని హీటరును దాటించి గొట్టం కలిపేసి ఉండొచ్చు. లేదా హీటరుకు నీళ్లు వదిలే వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు. వట్టి నీళ్లు పోసిన బండిని కాశ్మీరు దాకా తీసుకెళ్తే ఇంకో చిక్కు. అవి గడ్డకట్టి ఇంజనునే పగలగొట్టగలవు.

నా శాఖకు వచ్చేవి రెండు. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తిప్పవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆ నీళ్లు 100 డిగ్రీలు దాటినా పొంగకుండా ఉండి, మూత వదులు కాగానే ముఖం మీదికి చిమ్ముతాయి. కాలితే 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల కింద పెట్టండి. ఇంకు, పేస్టు రాసుకుని వచ్చేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను. రెండోది, క్యాబిన్‌లో తియ్యటి వాసన వచ్చి అద్దం మీద జిడ్డు పొర కడుతుంటే హీటరు లోపల కారుతోంది. కూలెంటులో ఉండేది ఇథిలిన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, తాగితే కిడ్నీలు పోతాయి. మిగిలింది కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి ఇంట్లో పెట్టకండి.

హీటరు బాగయ్యేదాకా దుప్పట్లు, ఉన్ని సాక్సులు, టోపీ, ఫ్లాస్కులో టీ. రెండు గుక్కలు వేస్తే వెచ్చగా ఉంటుందని దాబాలో చెప్తారు. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి ఒంట్లోని వేడిని బయటకు పంపేస్తుంది. వెచ్చదనం పేరుకే. ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసి నిద్రపోవడం కూడా వద్దు. సైలెన్సర్ గొట్టం ఎక్కడ చిల్లి పడిందో నిద్రలో మీకు తెలియదు.

మళ్లీ ఎప్పుడైనా ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరుగుడు, వాంతులు వస్తే ముందు తలుపులు తీసి బయటికి రండి, తర్వాత 108కో 112కో ఫోన్ చేయండి. మనిషి లేవకపోతే బయటికి లాగండి. ఆస్పత్రిలో వేలికి తగిలించే ఆక్సిమీటరు "98" చూపిస్తే ఊరట పడొద్దు. ఆ యంత్రం ఈ వాయువునూ ఆక్సిజన్‌నూ వేరు చేయలేదు. "కుంపటి పెట్టుకున్నాం" అని మీరే డాక్టరుకు చెప్పాలి. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర.

ప్రశ్న: మా నాయనకు పదేళ్లుగా షుగర్. పాదాలు ఎప్పుడూ చల్లగా ఉంటాయంటారు. కొడైకెనాల్ వెళ్లినప్పుడు కారులో హీటరు గాలికి పాదాలు ఆనించి కూర్చున్నారు. ఇప్పుడు అరికాల్లో బొబ్బ. నొప్పి లేదంటున్నారు. వదిలేయవచ్చా? (కోవిల్‌పట్టి)

జవాబు: నొప్పి లేదన్నదే అసలు జబ్బు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే పాదం కాలుతున్నా తెలియదు. చల్లగా ఉన్నాయన్న భావన కూడా చాలాసార్లు నరాల తప్పుడు కబురే. చేత్తో ముట్టి చూడండి, వెచ్చగానే ఉండవచ్చు. నిజంగానే చల్లగా ఉంటే రక్తప్రసరణ పరీక్ష చేయించాలి. బొబ్బ చిదమకండి, పసుపు పెట్టకండి, శుభ్రమైన గుడ్డ చుట్టి రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చుట్టూ ఎరుపు, వాపు, జ్వరం ఉంటే రేపటిదాకా కూడా ఆగవద్దు.