పావురము నేర్చిన పాఠము

కేసముద్రము వంటి ధాన్యపు మార్కెట్టు గల ఊరిలో గింజకును పక్షికిని ఉన్న సంబంధమును వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదు మక్కా మసీదు ముంగిట జనులు చల్లు జొన్నలకై పావురములు గుంపులుగా వాలును. కబూతర్‌బాజీ తెలిసినవారు ఆకాశమున తిరుగు పావురములను కేకతోను, గింజల ఆశతోను గూటికి మరలించుకొందురు. ఏ పిలుపు వెంట మేత లభించునో పక్షి గుర్తించును. ఈ సామాన్య విషయమునే మనస్తత్వ శాస్త్రము ప్రయోగశాలలో పరీక్షించినది.

ఈ ప్రయోగ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ (1904–1990). ముందుగా పావురమునకు మేత తగ్గించి, దాని బరువును మామూలు బరువులో ఇంచుమించు 80 శాతమునకు తెత్తురు. ఆకలి లేనిచో గింజకు విలువ లేదు గదా! పిమ్మట దానిని ఒక పెట్టెలో ఉంచుదురు. పెట్టె గోడకు వెలుగు ప్రసరించు బిళ్ళయు, దాని క్రింద గింజల తొట్టియు ఉండును. మొదట పక్షి బిళ్ళవైపు తిరిగిన చాలును, గింజలు లభించును. తరువాత దగ్గరకు వచ్చిననే, తుదకు ముక్కుతో పొడిచిననే లభించును. ఇది అలవాటైన పిదప, ఎఱ్ఱ వెలుగున్నపుడు పొడిచిన మేత నిత్తురు. ఆకుపచ్చ వెలుగున్నపుడు పొడిచిన ఏమియు నీయరు. క్రమముగా పక్షి ఎఱ్ఱ వెలుగుకే పొడుచుట నేర్చును. పని వెంటనే లభించు ఆ ప్రతిఫలమును పునర్బలనమనియు, సంకేతముల భేదమెరిగి మెలగుటను విచక్షణమనియు అందురు.

అయితే, పక్షి నేర్చినది మనము నేర్పదలచినదేనా? 1961లో రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చూపెను. రెండు పావురములకు ఎఱ్ఱని రంగుపై తెల్లని త్రిభుజము కనబడినపుడు మేత నిచ్చి, ఆకుపచ్చ రంగుపై తెల్లని వృత్తము కనబడినపుడు మానెను. రెండును పాఠము నేర్చినవి. పిదప రంగును, ఆకారమును విడదీసి చూపగా, ఒక పక్షి ఎఱ్ఱరంగునే పొడిచెను. రెండవది త్రిభుజమునే పొడిచెను. సమాధానము ఒకటే, గ్రహించినది మాత్రము వేరు.

2015లో అమెరికాలో ప్రకటితమైన మరియొక పరిశోధన ఇంకను ఆలోచింపజేయును. రొమ్ము క్యాన్సరును తెలుపు సూక్ష్మదర్శిని చిత్రములను పావురములకు చూపి, సరియైన గుర్తింపునకు మేత నిచ్చిరి. సుమారు రెండు వారములలో అవి 85 శాతము వరకు సరిగా గుర్తించినవి. మున్నెన్నడు చూడని చిత్రములను సైతము గుర్తింపగలిగినవి. కాని ఎక్స్-రే చిత్రములలోని గడ్డలు ప్రమాదకరములా, కావా అను పాఠము వచ్చునప్పటికి, చూపిన చిత్రములను మాత్రము జ్ఞాపకముంచుకొన్నవి. క్రొత్తవి ఎదురుకాగానే విఫలమైనవి. మొదటిది గ్రహించుట, రెండవది కంఠస్థము చేయుట. పాత చిత్రములతోనే పరీక్షించి ఉన్నచో ఈ భేదము బయటపడకుండెడిది.

విద్యార్థి సోదరులారా! మనకు మార్కులే గింజలు. గైడులోని ప్రశ్నయే పరీక్షలో వచ్చినపుడు, బట్టీపట్టినవానికిని, తెలిసి వ్రాసినవానికిని ఒకే మార్కులు పడవచ్చును. కావున లెక్క చేసిన పిదప అంకెలు మార్చి మరల చేయుడు. సూత్రము చదివిన పిదప పుస్తకమున లేని ఉదాహరణమును వెదకుడు. అధ్యాపకులును ప్రశ్నను కొంత మార్చి అడుగుట మేలు. అపుడే ఎఱ్ఱరంగును చూచినవాడెవడో, త్రిభుజమును చూచినవాడెవడో తేటపడును.