సమాధానము లెవరివి?

విద్యార్థులారా! వస్తువు వెల పెంచినచో కొనువారేమనుకొందురు? యజమాని మందలింపు పనివాని మనస్సుపై ఎట్లు పనిచేయును? వాణిజ్యశాస్త్ర పరిశోధకులు ఇట్టివి తెలిసికొనుటకు జనులను ప్రశ్నింపవలసియుండును. పూర్వము పలువురు ఆచార్యులు తమ విద్యార్థులనే అడిగి తృప్తినొందెడివారు. నేడు అంతర్జాలము ద్వారా అపరిచితులను అడుగుచున్నారు.

2005లో అమెరికాలోని అమెజాన్ సంస్థ మెకానికల్ టర్క్ అను ఏర్పాటును ప్రారంభించెను. అందు చిన్నచిన్న పనులు చేసి కొద్దిపాటి సొమ్ము పొందవచ్చును. ప్రశ్నావళిని పూరించుటయు అట్టి పనియే. కొన్ని గంటలలోనే వందలకొలది సమాధానములు వచ్చును; వ్యయము స్వల్పము. కనుక పరిశోధకులు దీనిని విరివిగా ఉపయోగించిరి.

అయినను సంఖ్య పెద్దదైనంత మాత్రమున అది సత్యమగునా? 1936లో అమెరికా అధ్యక్షుని ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అను పత్రిక సుమారు ఒక కోటి మందికి ప్రశ్నపత్రములు పంపెను. ఇరువది లక్షలకు పైగా తిరిగివచ్చెను. వానిని లెక్కించి లాండన్ గెలుచునని ప్రకటించెను. కాని 48 రాష్ట్రములలో 46 రూజ్‌వెల్టుకే దక్కెను. కారణమేమి? పేర్లను ఎక్కువగా టెలిఫోను, మోటారుకారు గలవారి పట్టికలనుండి తీసికొనిరి. ఆ కరవు రోజులలో పేదలకు అవి అరుదు. పైగా పత్రములు అందినవారిలో అధికులు బదులే పంపలేదు.

అంతర్జాలమునందును ఇదే ప్రమాదము కలదు. మరియొకటియు కలదు: కొందరు ప్రశ్న చదువకయే గుర్తులు పెట్టుదురు. 2018లో మెకానికల్ టర్క్‌నుండి అర్థములేని సమాధానములు హెచ్చుగా వచ్చుచున్నవని పలువురు పరిశోధకులు గుర్తించిరి. అందుచే వారు నడుమ నడుమ “ఇచట మూడవ గడియే గుర్తింపుడు” వంటి పరీక్షవాక్యము నుంచుదురు. అయితే దోషమంతయు పూరించువానిదే కాదు. ప్రశ్నావళి దీర్ఘమై, కూలి అల్పమైనచో శ్రద్ధ సన్నగిల్లుట సహజము. పరిశోధకుడు న్యాయమైన ప్రతిఫలమిచ్చి, స్పష్టముగా అడిగి, ఎవరిని అడిగెనో దాచక వ్రాయవలెను.

ఇది మనకేల యందురా? మన యూరి అంగళ్లను గూర్చి మీరొక ప్రశ్నావళి సిద్ధపరచి, దానిని ఈ రాష్ట్రభాషలో మాత్రమే, ఫోనులో మాత్రమే పంపితిరనుకొనుడు. తెలుగు మాత్రమే చదువగల అవ్వయు, ఫోను లేని కూలివాడును లెక్కలోనికి రారు. వారు రాలేదన్న సంగతియు ఆ లెక్కలో కనబడదు. అల్పసంఖ్యాకభాషవారమైన మనము ఈ విషయమును మరువరాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. జనాభా లెక్కలవారు వచ్చి మాతృభాష ఏదని అడిగినపుడు, వారు తోచినది వ్రాసికొందురులెమ్మని ఊరకుండకుడు. ఇంట మాటలాడు భాషను నోరార చెప్పుడు. ఏమి వ్రాసిరో అడిగి తెలిసికొనుడు.

అభ్యాసము: 1. లిటరరీ డైజెస్ట్ అంచనా ఏల తప్పెను? 2. పరీక్షవాక్యము ప్రయోజనమేమి? 3. మీ వీథిలో పదిమందిని ఒక ప్రశ్న అడుగుడు. మీరు అడుగనివారెవరో కూడ వ్రాసి తెండు.