తొమ్మిదింటి గేటు

ప్ర: తరచూ శ్రీశైలం వెళ్తుంటాం. ఆఫీసు అయ్యాకే బయల్దేరతాం కాబట్టి, తొమ్మిదికి మన్ననూరు గేటు వేసేస్తారని మావారు ఒకటే తోలుడు. మొన్న వటవర్లపల్లి దగ్గర దుప్పి అడ్డొచ్చింది. వెంట్రుకవాసిలో తప్పింది. హారన్ కొడుతూ వెళ్తే సరిపోతుందా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జ: సరిపోదమ్మా. హారన్‌కి బెదిరిన దుప్పి ఎటు దూకుతుందో దానికే తెలీదు. ఎనభైలో ఉన్న కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మీవారి కాలు బ్రేకు మీద పడేసరికే అంత దూరం అయిపోతుంది, ఆగడానికి మరో ముప్ఫై మీటర్ల పైనే కావాలి. డిమ్ లైటు అంత దూరం సరిగ్గా చూపించదు. అదే నలభైలో అయితే మొత్తం ఇరవై మీటర్లలో ఆగొచ్చు. ఒక దుప్పి దాటింది కదా అని వెంటనే కదలకండి, వెనక మంద ఉంటుంది. స్టీరింగ్ పక్కకి కోసేయడం అసలే వద్దు. ఆ మలుపుల్లో పక్కనుండేది చెట్టో లోయో.

ఇక ఆ గేటు సంగతి. రాత్రి తొమ్మిది నుంచి ఆరింటిదాకా అడవిని జంతువులకి వదిలేద్దామని పెట్టిన గేటది. బందీపూర్ అడవిలోనూ 2009 నుంచి ఇవే వేళలు. మనవాళ్లు మాత్రం దాన్ని పందెం చేసుకున్నారు. పొద్దుగూకాక మేతకీ నీళ్లకీ జంతువులు కదిలే వేళకే, గేటు అందుకోవాలని కార్లన్నీ అడవిమీద పడతాయి. ఎనిమిదిన్నరకి మన్ననూరు చేరినవాణ్ణి గేటువాళ్లు ఆపరు. మీరే ఆపాలి. కల్వకుర్తిలో లాడ్జి తీసుకుని పడుకోండి. బాగా తెల్లవారాక బయల్దేరండి. మల్లన్న ఎక్కడికీ పోడు, మధ్యాహ్నం వెళ్లినా దర్శనమిస్తాడు. మీవారు వినకపోతే శుక్రవారం ప్రయాణం మానేసి శనివారం పొద్దున పెట్టించండి.

ప్ర: దారిలో కోతులకి అరటిపండ్లు వేస్తే పుణ్యమేగా?
– అచ్చంపేట

జ: మీ పండుకోసం రోడ్డెక్కిన కోతి మీ వెనకొచ్చే లారీ కింద పడుతోంది. పుణ్యం లెక్క మీరే వేసుకోండి.

ప్ర: పలమనేరు వైపు రాత్రిపూట ఏనుగు ఎదురైతే ఏం చేయాలి?
– కుప్పం

జ: దూరంగా ఉండగానే ఆగి, డిమ్ చేసి, మెల్లగా వెనక్కి జరగండి. హారన్ వద్దు, ఇంజను ఆపొద్దు, ఫోటో కోసం దిగొద్దు. పిల్ల కనిపిస్తే తల్లి దగ్గర్లోనే ఉందని అర్థం. అసలు ఏనుగు ముందే కనబడుతుందనుకోవడమే పొరపాటు. చీకట్లో చీకటి రంగు ఒళ్లు, డిమ్ లైటుకి అందేది కాళ్లే, కళ్లు పైనెక్కడో ఉంటాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గరే వాహనం గుద్ది మూడు ఏనుగులు చనిపోయాయి.

ప్ర: గుద్దుకుని చచ్చిన జింకని ఇంటికి తెచ్చుకోవచ్చా?
– పేరు వద్దన్నారు

జ: పేరు వద్దన్నప్పుడే మీకు జవాబు తెలుసు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది వేటతో సమానమైన చిక్కు. కారు పక్కకి పెట్టి, దగ్గర్లోని అటవీ చెక్‌పోస్టులో చెప్పండి. బానెట్ సంగతంటారా, థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఆ ఖర్చు మీదే.